గూట్లో వైఫై పెట్టె

జావేద్ రోజూ వైఫై పెట్టెను హాల్లో టీవీ పక్కన పెట్టి నంద్యాలలో అంగడికి పోతాడు. సాయంత్రం ఆళ్లగడ్డకు తిరిగొచ్చేసరికి అది వెనక గది గూట్లో ఉంటుంది. రెండు యాంటెనాలూ గోడవైపు వాలి ఉంటాయి. ఆ నాపరాతి గోడ అవతల అన్న ఇల్లు. భాగాలు పంచుకున్నప్పటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

ఒకరోజు అంగట్లో ఫోను తెరిస్తే, హాల్లో కెమెరాను ఇంకో ఫోన్లోనూ ఎవరో చూస్తున్నట్టు కనిపించింది. మర్నాడూ అంతే, సరిగ్గా పదకొండింటికే.

ఇంటికొచ్చి భార్య షమాను నిలదీశాడు.

“మా అన్న మనింటి మింద కన్నేసినాడు. వైఫైకి, కెమెరాకు పాస్‌వర్డ్‌లు ఎవురిచ్చినారు?”

“నేనే ఇచ్చినా. మీ అన్నకు గాదు, ఆడుండే మీ అమ్మకు.”

“ఏందీ?”

“గడప తొక్కొద్దంటివి, ఆమె తొక్కలే. పాపకు మూడు నెల్లొచ్చినాయి. నీళ్లు పోసి ఊయల్లో ఏసేటప్పుడు ఫోన్లో చూస్తాది. ఊయల కొస ఒకటే కనపడతాదంట.”

జావేద్ గూట్లో పెట్టెను ముట్టుకోలేదు. ఊయలను కెమెరాకు ఎదురుగా జరిపాడు.

“ఇప్పుడు మొగం కనపడతాదేమో అడుగు” అన్నాడు.