అడిగిన తీరు

లాండ్రీ యజమాని ఫోన్లో ఒక్క ముక్కే చెప్పాడు. ఖరీదైన దుప్పటి కాలిపోయిందట, కాల్చింది తనేనని చెల్లెలు ఒప్పుకుందట. అక్క కుడుతున్న బట్టను మిషన్ మీదే వదిలేసి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పరుగెత్తింది.

దారంతా కాలుగాలిన పిల్లే. చెల్లెలికి ఇరవై ఏళ్ళొచ్చినా ఏ మాటైనా నిదానంగా విడమరిచి చెబితే తప్ప అర్థం కాదు. పక్కింటి షెడ్డు తగలబెట్టిన కేసులో శిక్షపడి, పని చేసుకుంటూ బుద్ధిగా ఉండాలన్న షరతు మీద గడువుకు ముందే ఈమధ్య బయటికొచ్చింది. ఈ పని పోతే మళ్ళీ ఆ గోడల మధ్యకే పంపుతారు. నిప్పుతో దీనికేం పొత్తో అని తిట్టుకుంటూనే అక్క లోపలికి అడుగుపెట్టింది.

"నువ్వేనటే?"

"నేనే అక్కా," అంది చెల్లెలు తల వంచుకుని.

అప్పటికే మేడం వచ్చి ఉంది. జైలునుంచి వచ్చిన ఇలాంటి పిల్లలకు పని చూపించి, నిలదొక్కుకునేదాకా వెన్నంటి ఉండే మనిషి ఆవిడ. అక్కను కూర్చోమని, చెల్లెలి వైపు తిరిగింది.

"నిన్న వాన కూడా నువ్వే కురిపించావా?"

"అవును."

"అయ్యగారి బట్టతలకి కారణం కూడా నువ్వేనా?"

"అవును మేడం. ఇంకెప్పుడూ చెయ్యను."

యజమాని నవ్వాపుకోలేక తల తడుముకున్నాడు. మేడం ఇస్త్రీపెట్టె చేతికిచ్చి, దుప్పటి ఎలా కాల్చావో చూపించమంది. చెల్లెలు దాన్ని అటూ ఇటూ తిప్పింది. మీట ఎక్కడుందో కూడా తెలియలేదు. రోజూ ఆమె చేసేది మడతలు పెట్టడమే. చివరికి ఇస్త్రీ చేసే అతనే ముందుకొచ్చి, ఫోన్ మాట్లాడుతూ పెట్టె దుప్పటి మీదే మరిచిపోయానని నసిగాడు.

రేపు వేళకు రమ్మని చెల్లెలికి చెప్పి, యజమాని అతని పని పట్టడానికి వెళ్ళాడు. గండం గడిచింది. అక్క మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఎవరైనా గట్టిగా అడిగితే, తిట్లు ఆగుతాయని అన్నిటికీ అవునంటుంది," అంది మేడం. "నువ్వు చేశావా అని అడగకూడదు. ఏం జరిగిందో చెప్పమనాలి. ఆ షెడ్డు కేసులోనూ తను ఒప్పుకోవడం తప్ప వేరే సాక్ష్యం లేదు. మొదట ఎవరు అడిగారో ఏమో."

చెల్లెలు వచ్చి అక్క చెయ్యి పట్టుకుని, ఇంటికెళ్దామా అంది.

షెడ్డు తగలబడిన రోజు జుట్టు పట్టుకుని అడిగిందీ, స్టేషనుకు లాక్కెళ్ళిందీ అక్కే.