మూటలో లేని ముక్క

“పంపించేశావా ఏమిటి?” చేతిలో గరిటెతోనే తల్లి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“ఇంకా లేదమ్మా.” లాప్‌టాప్ ముందు కొడుకు తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె గుండె కాస్త కుదుటపడింది. తప్పొప్పుకుంటూ వాడు గంట నుంచి పై అధికారికి ఉత్తరం రాస్తున్నాడు. అది వెళ్లిందంటే ఉద్యోగం ఊడినట్టే. చేరి ఆరు నెలలు కాలేదు, ఇంకా పర్మనెంటు చేయలేదు. ఈ మచ్చ పడ్డాక ఇంకో ఆఫీసు గడపైనా తొక్కనిస్తారా? ఆమెకు ఎప్పుడూ చెడే ముందు కనిపిస్తుంది.

ఒక పెద్ద సంస్థలో ఉద్యోగులు ఫైళ్లు పంపుకోవడానికి, సెలవులు అడగడానికి, మీటింగులు పెట్టుకోవడానికి వాడి కంపెనీ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. ఆ ముక్కలన్నీ ఒక్క మూటగా కట్టి నలభై బ్రాంచీల కంప్యూటర్లలో ఎక్కించే ప్లాను వాడిదే. ముందు ఒక్క బ్రాంచిలో పెట్టి చూశారు. శుక్రవారం అక్కడి ఆపరేటర్ మీట నొక్కగానే నెల రోజుల అర్జీలన్నీ గాలికి పోయాయి.

“ఒక ముక్క మూటలో పెట్టడం మరిచానమ్మా. నా మెషీన్లో అది ఎప్పట్నుంచో ఉంది. అందుకే ఇక్కడ చక్కగా నడిచింది.”

“సామానంతా బండికెక్కించి పొయ్యి ఇంట్లో వదిలేశావన్నమాట! సరే, పాతవి వేరే దాచాకే మీట నొక్కాలని కాగితంలో రాశావుగా?”

“రాశాను. కానీ టైమైపోతోందని ఫోన్లో నేనే అక్కర్లేదు, కానిమ్మన్నానుగా.”

“ఫోన్ మాటకు సాక్ష్యం ఎవడ్రా? ఆపరేటర్ తప్పని రాయి.”

వాడు చివ్వున తలెత్తాడు. “ఉద్యోగం తీసేస్తారమ్మా!”

“తీస్తే తీయనీ. ఇరవై రెండేళ్లు చాకిరీ చేసింది చాలదూ? యాభై దాటాక ఆ కంప్యూటర్లతో కుస్తీ ఎందుకు?”

“ఇంకో మూడేళ్లయితే పెన్షన్...”

“నీకింకా ముప్పై ఏళ్ల సర్వీసుంది. రాయి.”

“నా చేత్తో నేను రాయలేను.”

తల్లి వాడి చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. “రాయకపోతే నా మీదొట్టే!”

వాడు రాశాడు. కళ్లు మసకబారి అక్షరాలు తప్పు కొడుతూ, చెరుపుతూ రాశాడు. ఉత్తరం వెళ్లిపోయాక ఆమె కంచంలో వడ్డించి తెచ్చింది. వాడు ముఖం తిప్పుకున్నాడు. ఇంత మెత్తటివాడు ఈ లోకంలో ఎలా బతుకుతాడోనని ఆమెకు మళ్లీ బెంగ పట్టుకుంది.

సోమవారం పది గంటలకు ఆ బ్రాంచి మేనేజరు ఆపరేటర్‌ను తన గదికి పిలిపించి, కంపెనీ వాళ్లు పంపిన ఆ ఉత్తరం బల్ల మీద పెట్టాడు.

“నిజం చెప్పండి. ఎవరైనా నొక్కమన్నారా, మీ అంతట మీరే నొక్కారా?”

“నా అంతట నేనేనండీ,” అంది తల్లి.