అన్నకి కబురు

"నిన్న కూడా మూగాడిలా తిరిగొచ్చావు. పిల్ల పోయిందని ఇవాళైనా వాళ్ళన్నకి చెప్పు. దాని ఈతద్దాలు నీళ్ళ అడుగున పెట్టి రా. లేకపోతే వాడు ఎదురుచూస్తూనే ఉంటాడు," అంది హలీపా మొగుడు ముస్తారితో.

బిడ్డతో పాటు వచ్చే మాయను, నీళ్ళ మీద ఇళ్ళు కట్టుకుని బతికే బజావు జాతివాళ్ళు తోబుట్టువంటారు, సముద్రంలో వదులుతారు. వాళ్ళ పిల్ల ఎప్పుడు మునిగినా పళ్ళెంలా బల్లపరుపుగా ఉండే ఒక పెద్ద టేకుచేప వచ్చి పక్కనే ఈదేది. అదే అన్న అని ఇంటిల్లిపాదీ నమ్మకం.

ముస్తారి ఊపిరి బిగబట్టి పగడాల దాకా దిగాడు. టేకుచేప రానే వచ్చింది. రెక్కలాడిస్తూ అతని చుట్టూ తిరిగింది. అతని వెనక్కి వెళ్ళి వెతికింది. మళ్ళీ ముందుకొచ్చి ఆగింది.

అతను పైకొచ్చేసరికి హలీపా ఇంటి మెట్ల మీదే ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? వెళ్ళిపోయాడు."

చెక్కతో చేసిన ఆ చిన్న ఈతద్దాలు ఇంకా అతని మెడలోనే వేలాడుతున్నాయి.

హలీపా వాటిని తీసింది. లుంగీ అంచుతో తుడిచి, పిల్లకి అందేంత ఎత్తులో కొట్టిన మేకుకే మళ్ళీ తగిలించింది.

"రేపు వెళ్ళి జ్వరమొచ్చిందని చెప్పు," అంది. "తగ్గాక వస్తుందని చెప్పు."