బిగుసుకున్న క్లచ్

"క్లచ్ రాయిలా బిగుసుకుపోయింది, చూడు నాయనా," అన్నాడు పాత పికప్‌ను షెడ్డు దాకా తోయించుకొచ్చిన ముసలి డ్రైవరు.

మెకానిక్ కేబుల్ ఊడదీసి లాగాడు. తొడుగులో సాఫీగా జారింది. కేబుల్ కదిలించే క్లచ్ ఫోర్కుకు అప్పటికే ఎవరో పూసిన తాజా గ్రీజు ఉంది. కేబుల్ మళ్లీ బిగించి, పెడల్‌ను చేత్తో నొక్కాడు. మెత్తగా కిందికి దిగింది.

"ఇప్పుడు తొక్కు బాబాయ్."

డ్రైవరు ఎక్కి కూర్చుని, ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి పెడల్ మీద పెట్టాడు. పెడల్ కదల్లేదు.

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "బండికేం కాలేదు బాబాయ్. కాలు డాక్టరుకు చూపించు."

"చూపించా. ఇంక బండి నడపొద్దన్నాడు." డ్రైవరు అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు. "నువ్వు నాలుగో మెకానిక్‌వి. ఒక్కరైనా తప్పు బండిదే అంటారేమోనని తిరుగుతున్నా."