ఎర్త్ గుంట

"ఎవరవ్వా నువ్వు? కరెంటు కాడ నీళ్ళు పోస్తా ఉండావు?"

నరసింహ బైకు దిగకుండానే అరిచాడు.

ముసలామె బెదరలేదు. బిందెను ఇంకాస్త వంచి, చివరి చుక్క దాకా ఎర్త్ గుంటలోకి ఒంపింది.

"ఎండిపోయుండాది నాయనా."

"ఎండితే నీకేంది? ఇదేమన్నా నిమ్మచెట్టా, నీళ్ళు పోస్తే కాయలు కాసేదానికి?"



ఉదయగిరి కొండ కింద, ఊరి బయట ఉన్న బోరు అది. భూమిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచి ఆఫీసుకు పంపే ఇనప పెట్టె అక్కడ ఉంది. డేటా లాగర్ అంటారు. సోలార్ పలకను ఎవరో విప్పుకుపోతే, పక్క మోటారు స్తంభం నుంచి కరెంటు లాగారు. పెట్టెకు కరెంటు పాకితే భూమిలోకి దిగిపోవాలని, గుంట తీసి ఉప్పూ బొగ్గూ వేసి పైపు పాతారు.

ఆ పెట్టె పంపే అంకెలు వారం నుంచి పిచ్చిపిచ్చిగా ఉన్నాయి. దాన్ని చూసుకునే నరసింహకు ఆత్మకూరు నుంచి కాంట్రాక్టర్ పొద్దున్నే ఫోను చేశాడు.

"ఈసారి గూడా తప్పొస్తే బండి తాళాలు టేబుల్ మీద పెట్టి పోరా. నీకు ముందున్నోడు చెప్పాపెట్టకుండా మానేసినాడు. నువ్వన్నా చెప్పి పో."

కాంట్రాక్టర్ల దగ్గర తప్పెప్పుడూ కింద ఉన్నవాడిదే. ఇప్పుడు నరసింహకు తన కన్నా కింద ఒకరు దొరికారు.

గుంట పక్కనే వైరు జాయింటు. దానికి చుట్టిన టేపు తడిసి ఉంది.

"జాయింట్లోకి తడి దించి నా కడుపు మీద కొట్టినావు గదవ్వా."

"రోజూ పోసేదాన్నే నాయనా. ఈ వారమే జొరమొచ్చి రాలా."

"ఇంకోసారి కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తా."

ఆమె ఖాళీ బిందె చంకనెత్తుకుంది. కొంచెం దూరం పోయి ఆగింది.

"నీకు పెండ్లయిందా నాయనా?"

"నీకెందుకు?"

"ఊరికే."

వెళ్ళిపోయింది.

నరసింహ జాయింటుకు కొత్త టేపు చుట్టాడు. చిల్లకంప ముళ్ళు నరుక్కొచ్చి గుంట మీదా చుట్టూ దట్టంగా వేశాడు.

మర్నాటి నుంచి అంకెలు దారికొచ్చాయి. కాంట్రాక్టర్ కూడా మెచ్చుకున్నాడు.

రోహిణి కార్తెలో అంకెలు మళ్ళీ చెడ్డాయి.

నరసింహ వచ్చి పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

కళ్ళు తెరిచేసరికి వెల్లకిలా పడి ఉన్నాడు. కుడిచెయ్యి తనది కానట్టుంది. మేకలు కాసుకునే హుసేనయ్య అప్పటికే మోటారు ఫ్యూజు పీకి, అతని ముఖం మీద నీళ్ళు చల్లుతున్నాడు.

"కదలబాక అబ్బయ్యా. కాసేపు అట్నే ఉండు."

కాస్త తేరుకున్నాక నరసింహ కంప లాగి చూశాడు. కరెంటును భూమిలోకి దించాల్సిన గుంట తడి లేక నెర్రెలిచ్చి ఉంది. సీసాలో నీళ్ళు పోస్తే గుటకేసినట్టు మింగేసింది.

"ఆ అవ్వ ఏది పెద్దాయనా? ఇక్కడ నీళ్ళు పోసే ఆమె."

"వరదమ్మా? కలిగిరిలో కూతురి కాడికి పోయింది. నువ్వు కంపేసినావంట గదా. ఇంక నాకీడ పనేముండాది అని మూట కట్టుకునింది."

"నా మీద కోపమా?"

"కోపమేంది. తాగేదానికే ట్యాంకర్ రావాల ఈ ఊరికి. ఆమె వంతుకొచ్చే నీళ్ళల్లో ఒక బిందె ఈ గుంటకే పోసేది. పిచ్చిదనే వాళ్ళు ఊళ్ళో."

"ఈ పెట్టెతో ఆమెకేం పని?"

హుసేనయ్య అతని చేతి వంక చూశాడు.

"మీ కాంట్రాక్టర్ చెప్పలేదా అబ్బయ్యా? నీకు ముందు ఈ మూత తీసినోడు ఆమె కొడుకే, నువ్వు పడిన చోటే పడినాడు, లేవలా."