నిద్రగన్నేరు విచారణ

"చెట్టుండాల్నా, నేనుండాల్నా? గదొక్కటి చెప్పున్రి," అంది శ్యామల, చేతిలోని చీపురు దించకుండానే.

తాండూరు పురవృక్ష సలహా సంఘం అధ్యక్షుడు వెంకటేశం భుజం మీది ఆకుపచ్చ కండువా సవరించుకొన్నాడు. ఆయన విశ్రాంత తెలుగు పండితుడు. సంఘకార్యాలలో గ్రాంథికానికి ఒక్క మెట్టు మాత్రమే కిందికి దిగి మాట్లాడేవాడు.

"అర్జీదారుగారూ, సంఘం ఉభయుల క్షేమమూ కోరుతుంది. ముందు పరిశీలన, పిదప నిర్ణయం."

అది జీతభత్యాలు లేని సంఘం. పట్టణంలో చెట్టు కొట్టించాలంటే మునిసిపాలిటీవారు ముందుగా వీరి సలహా అడుగుతారు. ఆ సలహాకు విలువ రావడానికి కారణం ఒక్కటే: ఈ సంఘం ఇంతవరకు ఎవరి ముఖమూ చూసి తల ఊపలేదు. అర్జీదారు ఇంట మంచినీళ్లయినా ముట్టరాదన్న నియమం వెంకటేశం పెట్టినదే.

వివాదం ఒక నిద్రగన్నేరును గురించి. రోడ్డు వారన, శ్యామల ఇంటి గోడకు ఆనుకొని అది ఏపుగా పెరిగింది. పాలిషింగు యూనిట్ల నుండి వచ్చే రాతిపొడి ఆకులపై విభూతిలా పరచుకొని ఉంది. దాని వేరు వాకిట్లోని నాపబండలను పైకెత్తి, గోడ కిందుగా వంటింట్లోకి చొరబడింది.

"లోపల చూద్దాం," అని వెంకటేశం ముందు నడిచాడు. వంటింటి గుమ్మం దగ్గర తల వంచి దాటాడు. వెనుక వస్తున్న బీరయ్య నుదుటికి గుమ్మం ఠంగున తగిలింది. బీరయ్యకు యాలాల రోడ్డులో నర్సరీ ఉంది. సంఘంలో మొక్కలు ఆయన వంతు, మాటలు అధ్యక్షులవారి వంతు.

మూడవ సభ్యురాలు రెబెక్క. వికారాబాదులో వృక్షశాస్త్రం బోధించే ఉపన్యాసకురాలు. పొద్దున్నే రైలెక్కి వచ్చింది. ఆమె గోడ బీటలో వేలు పెట్టింది. వేలు సగం దాకా పోయింది.

"వేరు కోస్తే, సార్?" అన్నాడు బీరయ్య నుదురు రుద్దుకొంటూ.

"పెద్ద వేరు. గిది కోస్తే చెట్టు ఇంటి మీదికే ఒరుగుతది," అంది రెబెక్క. "చెట్టన్న పోవాలె, గోడన్న జరగాలె."

శ్యామల అందుకొంది. "వానలు ముంగటున్నయ్. నేను పొయ్యి కాడ కూసున్నప్పుడు గా గోడ పడితె ఎవరు జవాబు? ఇంట్ల మా ఆయనకు చెప్పి చెప్పి నోరు నొచ్చింది. అర్జీ పెట్టుకో పొమ్మన్నడు. పెట్టిన."

"మీవారు సూచించినది సక్రమమైన మార్గమే," అన్నాడు వెంకటేశం.

రెబెక్కకు హఠాత్తుగా దగ్గు వచ్చింది.

"పైగా వృక్షచ్ఛేదనం మహాపాపమని పురాణాలు చెబుతున్నాయి," అని ఆయన కొనసాగించాడు.

"గా పురాణం చెప్పిన ఋషికి వంటిల్లుండెనా, సార్?" అంది శ్యామల.

వెంకటేశం ఆ ప్రశ్నను విననట్లు వంగి, గోడ బీటను జానతో కొలవసాగాడు.

ఎండ ముదిరింది. శ్యామల చల్ల చెంబు తెచ్చింది. బీరయ్య చేయి చాచబోయి, అధ్యక్షులవారి వంక చూసి, ఆ చేతితో తల గోక్కొన్నాడు.

"అధ్యక్షుల సార్‌కన్న పొయ్యనా?" అంది శ్యామల.

"ముఖ్యంగా నాకు వద్దు," అన్నాడు వెంకటేశం. కాని ఆయన చూపు చెంబు మీదినుండి వెంటనే మరలలేదు.

ముగ్గురూ చర్చకై చెట్టు కిందికి వచ్చారు.

"సార్, గీ ఒక్కదాంట్ల మీరు పక్కకుండున్రి," అంది రెబెక్క మెల్లగా. "నేను, బీరయ్యగారు తేలుస్తం."

"తప్పుకొంటే భయపడి తప్పుకొన్నాడంటారు."

"భయపడితె తప్పేంది సార్? ఆమెకు నేను గూడ భయపడ్త," అన్నాడు బీరయ్య.

"సరేనంటే, ముఖం చూసి సరేనన్నాడంటారు. బండల లారీలవారు ఈ వీథిలోని చెట్లన్నీ కొట్టించాలని కాచుకొని ఉన్నారు. ఈ ఒక్కటి పడిందా, రేపు వరుసంతా పడుతుంది. ఆపే నోరు మనకుండదు."

ఇద్దరూ అయిష్టంగానే తల ఊపారు. వెంకటేశం వాకిట్లోకి నడిచి, గొంతు సవరించుకొన్నాడు.

"చెట్టు నిలుస్తుంది. గోడను మూరెడు లోపలికి జరిపి కట్టుకోవలసినదని సంఘం సలహా."

"మూరెడు జరిగితె పొయ్యి నా నెత్తిన పెట్టుకోవాల్నా?"

"అది సంఘం పరిధిలోకి రాదు."

"కట్టిచ్చేదెవరు?"

"ఇంటి యజమాని." ఆ మాట దగ్గర వెంకటేశం గొంతు కొంచెం తగ్గింది.

శ్యామల ఆయనను తేరిపార చూసింది.

"మస్తు చెప్పిన్రు. గోడ నా మీద పడ్డంక గూడ పరిశీలనకు రాండ్రి." ఆమె లోపలికి పోయింది. తలుపు మూసుకొంది. లోపలి గడియ పడిన చప్పుడు వీథి దాకా వినిపించింది.

రెబెక్కకు రైలు వేళయింది. బీరయ్య ఆటోను పిలిచి, "సార్, మీరు గూడ రాండ్రి. స్టేషన్ కాడ ఇంత తిందురు," అన్నాడు, జాలిగా.

"అక్కర లేదు. మీరు వెళ్లండి."

ఆటో మలుపు తిరిగేదాకా వెంకటేశం కదలలేదు. ఆ పిమ్మట కండువా తీసి మడిచి, తలుపు తట్టాడు.

"ఎవరు?"

"అధ్యక్షుణ్ణి."

"అధ్యక్షులకు గీ ఇంట్ల ఏం పని? తీర్పు అయిపాయె గద."

వీథిలో ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకొని, ఆయన తలుపు సందుకు నోరు ఆనించాడు.

"అధ్యక్షుణ్ణి కాదే శ్యామలా, నీ పెనిమిటిని."