ఓదినా బీబీ బేరం

"మాస్టారూ, అది కొనకండి. దొంగ తంగా."

జేబులోకి వెళ్ళిన మన్సూర్ మాస్టారి చెయ్యి అక్కడే ఆగింది.

బుఖారాలో ఆదివారం పొద్దున, పాతసామాన్ల బజారు. దుప్పటి మీద పరిచిన తంగాల ముందు, అంటే పాతకాలపు వెండి నాణేల ముందు, గొంతుక్కూర్చుని ఉన్నారాయన. వెనక్కి తిరిగి చూస్తే పూలపూల తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ. చేతిలో వేడివేడి నాన్‌ల బుట్ట.

"బోణీ చెడగొట్టకు ఓదినా బీబీ!" అని గోలపెట్టాడు నాణేలమ్మే గైరత్.

"రొట్టె తిను, నోరు మూతపడుతుంది" అని అతని ఒళ్ళో ఒక నాన్ పడేసిందావిడ. దుప్పటి మీంచి ఇంకో తంగా తీసి మాస్టారి చేతిలోదాని పక్కన పెట్టింది.

"రెంటికీ అంచు దగ్గర గీత ఉందా?"

"ఉంది."

"అదే చోట, అంతే పొడవు. అక్కచెల్లెళ్ళకైనా ఒకేచోట దెబ్బ మచ్చ ఉంటుందా? ఒకే అచ్చులో పోసినవండీ ఇవి."

మాస్టారికి సిగ్గేసింది. బళ్ళో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఇరవై ఏళ్ళుగా బుఖారానేలిన అమీర్ల కాలం తంగాలు పోగు చేస్తున్నారు. రొట్టెలమ్ముకునే మనిషికి కనబడింది తనకు కనబడలేదు!

పై ఆదివారం తన పెట్టె మొత్తం పట్టుకొచ్చి, టీకొట్టు దగ్గర ఆవిడ ముందు తెరిచారు.

ఓదినా బీబీ ఒక్కొక్కటే తీసి చూసింది.

"దీన్ని రుద్దండి."

మాస్టారి బొటనవేలు నల్లబడింది.

"పాతదిలా కనబడాలని పొగబెట్టారు. అసలు మురికి అక్షరాల మొదళ్ళలో ఇరుక్కుంటుంది, తోమినా పోదు. దీన్ని కరిగించుకోండి."

తర్వాత మాస్టారు ప్రాణంలా చూసుకునే తంగా ఆవిడ చేతికొచ్చింది. ఎండలోకి తిప్పి చాలాసేపు చూసింది.

"ఇదీ దొంగదే."

"లేదు బీబీ! మంచి వెండి. సుత్తితో కొట్టిన ముద్ర. తూచి మరీ కొన్నాను!"

"వెండి మంచిదే. అక్షరాలు చూడండి. రాయడం వచ్చిన చెయ్యి ఇలా తడబడదు. ఇది చదవడం రాక, చూసి దింపిన చెయ్యి."

మాస్టారు భూతద్దం పెట్టారు. నిజమే. ఒక్కో అక్షరం వంపు దగ్గర ఆగి, ఆలోచించి, మళ్ళీ బయల్దేరినట్టుంది.

"ఎంత బాగా చేశాడు దొంగ వెధవ!"

"బాగానే చేశాడంటారా?" ఆవిడ పకపకా నవ్వింది. తలగుడ్డ చివర ముడి విప్పి మరో తంగా తీసింది. "అది నాకిచ్చి ఇది తీసుకోండి."

మాస్టారు దాన్ని అన్ని విధాలా పరీక్షించారు. నిఖార్సైన అసలుది.

"బీబీ, మీరు నష్టపోతున్నారు."

"నా బేరం నాకు తెలుసు. టీ చల్లారిపోతోంది, తాగండి."

ఆవిడ వెళ్ళాక గైరత్ కణత మీద వేలు తిప్పి చూపించాడు. "కొంచెం తేడా మాస్టారూ. పోతపోసినవి ముట్టదు. ఈ రకం దొంగవి మాత్రం ఎవరు తెచ్చినా అసలుది ఇచ్చి పట్టుకుపోతుంది. మేమంతా బాగుపడ్డాం."

మాస్టారూ నవ్వారు. లాభం తనకూ వచ్చింది మరి.

చలికాలమంతా ఆదివారాలు ఆవిడ పక్కనే గడిచాయి. అంచులు చూడటం, మోత వినడం, మురికి చదవడం నేర్చుకున్నారు. బజారులో ఇప్పుడు అనుమానం వస్తే అందరూ మాస్టారి దగ్గరికే రాసాగారు.

వసంతం రాగానే ఓదినా బీబీ కనబడటం మానేసింది.

అప్పుడే సమర్ఖండ్ వెళ్తే, అక్కడొక దుకాణంలో ఆ తడబడే అక్షరాల తంగా ఒకటి మాస్టారి కంటబడింది. ఈసారి ఊరికే ఇచ్చేద్దామని కొని, గైరత్‌ని అడిగి ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు.

కోడలు తలుపు తీసింది.

"అత్తగారు పోయి పది రోజులైంది మాస్టారూ. టీ తాగి, మనవరాలితో నవ్వుతూ నవ్వుతూ అలా ఒరిగిపోయారు. మీ గురించి ఎన్ని చెప్పేవారో! కూర్చోండి."

టీ, పటికబెల్లం ముందు పెట్టింది. మాస్టారు తెచ్చిన తంగాని పళ్ళెం పక్కన ఉంచారు.

దాన్ని చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. లోపలికి పరుగెత్తి గుడ్డసంచి తెచ్చి కుమ్మరించింది. అన్నీ ఆ రకానివే. ఒక్కటి మాత్రం అసలుది. దాన్ని తీసి మాస్టారి అరచేతిలో పెట్టింది.

"రొట్టెలమ్మిన డబ్బుతో ముప్పై ఏళ్ళు అసలు తంగాలు కొని దాచారు. బదులుగా ఇవి తెచ్చుకున్నారు. ఇంకొక్కటే రావాలి, ఎవరు తెస్తే వాళ్ళకి ఇది ఇవ్వమన్నారు."

"ఒక్కటే మిగిలిందని ఆవిడకెలా తెలుసమ్మా?" అన్నారు మాస్టారు. అంతలోనే తట్టింది. "మీ మామగారు చేసినవా ఇవి?"

కోడలు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఆయనకి గోడకి మేకు కొట్టడం కూడా రాదు మాస్టారూ. ఆయన మంచాన పడ్డ ఏడాది, ఇంట్లో ఐదుగురు పిల్లలకి రొట్టె లేక, వెండి చెంచాలు కరిగించి ఇవన్నీ చేసింది మా అత్తగారే."